బంతి కాని బంతి

ప్యాకెట్ కత్తిరించి అరచేతిలోకి ఒంపుకోగానే నా మొహం మాడిపోయింది. ఎవరో గోళ్ళు తీసుకుని, ఆ ముక్కల్ని ఎండబెట్టి పొట్లం కట్టినట్టున్నాయి. లేత గోధుమరంగు, కొడవలి వంపు, వీపు మీద ముళ్ళలాంటి గరుకు. కొన్నయితే చుట్ట చుట్టుకుని ఎండిపోయిన పురుగుల్లా ఉన్నాయి. పక్కనుంచి తొంగిచూసిన మా ఆయన, "విత్తనాలేనా ఇవి? పురుగు పట్టిన సరుకు అంటగట్టినట్టున్నారు" అన్నారు.

నాకూ అదే అనుమానం. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో పుట్టిపెరిగినదాన్ని. నకిలీ విత్తనాల గొడవలు వింటూ పెద్దయ్యాను. కానీ ఇంగ్లండులో కూడానా?

అది 2021 ఏప్రిల్. రెడింగ్‌లో మేం కొనుక్కున్న ఇంటికి వెనక మంచం పరిచినంత పెరడు ఉంది. మొదటి ఏడాది దాని జోలికి పోలేదు. రెండో ఏడాది గార్డెన్ సెంటర్‌లో విత్తనాల అర ముందు నిలబడితే నారింజరంగు పూల బొమ్మ కనపడింది. కింద 'పాట్ మారిగోల్డ్' అని రాసి ఉంది. మారిగోల్డ్ అంటే బంతి. పాట్ అంటే కుండీ. కుండీల్లో వేసుకునే పొట్టి రకం బంతి కాబోలు అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఆ మాత్రం అర్థం కాదా అన్న ధీమా ఒకటి.

గింజల మీద అనుమానం ఎందుకంటే, బంతి విత్తనం నాకు తెలియనిది కాదు. నల్లగా, సన్నగా, గుండుసూదిని సగానికి తుంచినట్టు ఉంటుంది. ఒక కొసన గడ్డిరంగు తోక. ఎండిన పువ్వు తొడిమ పట్టుకుని చీలిస్తే లోపల అగ్గిపుల్లల కట్టలా బిగించి ఉంటాయి. ఇవి అవి కావు.

మా నాయనమ్మ దగ్గర ఆ నల్ల సూదులు ఎప్పుడూ ఉండేవి. వంటింటి దూలానికి ఒక చిన్న గుడ్డ మూట వేలాడుతూ ఉండేది. పాత చీర చెంగు ముక్కలో ఎండు బంతిపూలు, కాస్త బూడిద. పొయ్యి పొగ తగులుతుంటే పురుగు పట్టదని అక్కడ కట్టేది. ఇంకో పక్క బీర, సొర, చిక్కుడు గింజల మూటలు. మూటలన్నీ పొగచూరి ఒకే రంగులోకి దిగిపోయేవి. ఏది ఏ మూటో ఆవిడకి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

వినాయక చవితి వెళ్ళిన వారంలో బంతి మూట కిందికి దిగేది. బావి చప్టా పక్కన, నీళ్ళు జారిపోయే చోట చాపంత మడి కట్టేది. మాది నల్లమట్టి. ఎండితే రాయి, తడిస్తే బంక. అందుకని బాగా చివికిన గత్తం, కాలవ ఇసక కలిపి, చేతులతో నలిపి నలిపి సేమ్యా ఉప్మాలా పొడిపొడిగా చేసేది. పువ్వు రెండు అరచేతుల మధ్య పెట్టి నలుపుతూ మడి మీద తిరుగుతుంటే విత్తనాలు గాలికి తేలుతూ రాలేవి. పైన కనీకనపడనంత మట్టి, దాని మీద పల్చగా ఎండుగడ్డి. కోళ్ళు కెలక్కుండా చుట్టూ తుమ్మకంప. చెంబులో నీళ్ళు తెచ్చి పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "పొయ్యకూడదే, చిలకరించాలి. పొయ్యడానికి అవేమన్నా గేదెలా?"

అయిదో రోజో ఆరో రోజో గడ్డి కింద పచ్చగా కదలిక కనపడేది. ఆ సాయంత్రం ఎండ తగ్గాక గడ్డి తీసేసేది. పొద్దున తీస్తే ఎండకి వాడిపోతాయట. నారు జానెడు ఎదిగాక బోదెలు చేసి మూరెడు దూరంలో ఒక్కొక్కటీ నాటేది. ఇంతవరకూ నాకు ఇష్టమే. ఆ తర్వాత ఒక పని చేసేది, అది చూడలేకపోయేదాన్ని. నాటిన మూడు వారాలకి, మొక్క నిటారుగా నిలబడి మొగ్గ తొడగబోతుండగా ఒక్కొక్క తల పట్టుకుని గోటితో తుంచేసేది. వరసంతా తలలు లేని మొక్కలు. నేను ఏడిస్తే, "నీకు ఒక పువ్వు కావాలా, బుట్టెడు కావాలా?" అనేది. పది రోజుల్లో ప్రతి ఆకు మొదట్లోంచీ ఒక కొమ్మ పుట్టుకొచ్చేది. అయినా మరుసటి ఏడాది మళ్ళీ ఏడ్చేదాన్ని.

కార్తీకంలో వాయుగుండం పడితే మాత్రం మా పెరడు చూడలేం. వానకి తడిసిన బంతి కొమ్మలు మొదలు దగ్గర చీలిపోయి పడుకునేవి. కందికంపలు పాతి, కొబ్బరిపీచుతో కట్టి లేపేది. ఒక ఏడాది నీళ్ళు మూడు రోజులు నిలిచిపోయి వేళ్ళన్నీ కుళ్ళాయి. ఆ సంక్రాంతికి గుడివాడ బజారు నుంచి నాన్న పూలు కొనుక్కొస్తే నాయనమ్మ వాటి వంక చూడలేదు. బంతిపూలు కొనుక్కోవడమంటే ఆవిడకి కరివేపాకు కొనుక్కున్నంత నామోషీ.

ధనుర్మాసం మొదలయ్యేసరికి పూలు విచ్చేవి. ముద్దబంతి పసుపు, నారింజ. గోడ వారన రేకబంతి, ఎర్ర మఖమల్‌కి పసుపు అంచు కుట్టినట్టు ఉండేది. పొద్దున్నే ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడిపువ్వు దొరక్కపోతే ముద్దబంతే దిక్కు. మా వీధి అమ్మాయిలంతా మా పెరటి మీద పడేవాళ్ళు. నాయనమ్మ ఎవర్నీ కాదనేది కాదు. ఒక్కటే షరతు. వరసలో అన్నిటికన్నా పెద్ద ముద్ద, బాగా బిగువుగా ఉన్నది చూసి దాని కాడకి ఎర్రదారం కట్టేది. దారం కట్టిన పువ్వు విత్తనానికి వదిలినట్టు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. దేవుడికైనా సరే ఇచ్చేది కాదు. అంత జాగ్రత్తగా తీసినా ఏటా కొన్ని మొక్కలు ఒంటిరేక పూలే పూసేవి. "పోలిక తప్పింది" అనేది, మా మేనత్త కొడుకు గురించి అన్నట్టే.

ఇలాంటి ఆవిడ మనవరాలిని, రెడింగ్‌లో గోళ్ళముక్కలు పట్టుకుని నిలబడ్డాను. పారేయడానికి మనసొప్పలేదు. రెండు పౌండ్లు పోసి కొన్నవి. పెరట్లో ఒక మూల అరంగుళం లోతున గుచ్చాను. బంతికి ఆ లోతు ఎక్కువ, కానీ ఈ గింజలు లావుగా ఉన్నాయి కదా అని.

తొమ్మిదో రోజున మొలకలు వచ్చాయి. రెండు పొడుగాటి ఆకులు, మేకపిల్ల నాలుకల్లా. తర్వాత వచ్చిన ఆకులు చూశాక ఉన్న కాస్త ఆశా పోయింది. బంతాకు ఈకలా చీలికలు చీలికలుగా ఉంటుంది. ఇది గరిటెలా, ఒక్క చీలికా లేకుండా నున్నగా ఉంది. నలిపితే వేళ్ళకి బంక అంటుకుంది. ఘాటు ఉంది గానీ బంతి ఘాటు కాదు. ముక్కులోకి దూసుకుపోయే ఆ వాసన లేకపోతే ఇంక బంతి ఏమిటి?

పంతం పట్టి, మే నెలలో మళ్ళీ వెళ్ళి ఈసారి బొమ్మ బాగా చూసి ఇంకో ప్యాకెట్ తెచ్చాను. 'ఫ్రెంచ్ మారిగోల్డ్'. లోపల నల్ల సూదులు! కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. మన రేకబంతే అది. ముద్దబంతిని ఇక్కడ 'ఆఫ్రికన్ మారిగోల్డ్' అంటారు. తమాషా ఏమిటంటే ఫ్రెంచీ కాదు, ఆఫ్రికనూ కాదు, రెండింటి సొంతూరూ మెక్సికో వైపు. మన బంతి, మన బంతి అని నేను అంత గర్వంగా చెప్పుకునేది కూడా మిరపకాయలాగే సముద్రాలు దాటి మనింటికొచ్చి మనదైపోయిందే. ఇంతకీ ఆ నారు బ్రహ్మాండంగా మొలిచింది. ఓ రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే మొక్కకొక పుల్ల మిగిలింది. గుల్ల లేని నత్తలు, చూపుడువేలంత పొడుగువి, మొత్తం గీకి తినేశాయి. కోళ్ళకి తుమ్మకంప వేశాం గానీ వీటికి ఏం వేస్తాం? పక్కనే ఉన్న గోళ్ళముక్కల మొక్కల్ని మాత్రం అంతగా ముట్టుకోలేదు.

జూన్ మూడో వారంలో అవి పూశాయి.

ముద్ద కాదు. పల్చటి పళ్ళెంలా విచ్చుకున్న పువ్వు, చేమంతికీ పొద్దుతిరుగుడుకీ మధ్యలో ఉంది. రంగు మాత్రం, ఎంత వంక పెడదామన్నా పెట్టలేని నారింజ. మా పాప ఆ సాయంత్రం పరిగెత్తుకుంటూ వచ్చి "అమ్మా, పువ్వు నిద్రపోయింది" అంది. నిజంగానే రేకలన్నీ పైకి ముడుచుకుని ఉన్నాయి. మర్నాడు ఎండ తగలగానే తెరుచుకున్నాయి. మబ్బు పట్టిన రోజు సరిగ్గా లేచేవి కావు. ఇంగ్లండులో మబ్బు పట్టిన రోజులు ఎన్నో మీకు తెలుసు కదా, అవి మేలుకునున్న గంటలకన్నా పడుకున్న గంటలే ఎక్కువ.

మా పక్కింటావిడ ఎనభై దాటిన మనిషి. మనకి మల్లే ఊరికే పలకరించదు గానీ పూలు కనపడితే ఆగుతుంది. కంచె అవతలనుంచి చూసి, "పాట్ మారిగోల్డ్ వేశావే! మా అమ్మ పులుసులో వేసేది" అంది. నాకు అర్థం కాలేదు. పాట్ అంటే కుండీ కాదట, వంటకుండ! రేకలు ఎండబెట్టి దాచుకుని చలికాలం సూపుల్లో వేసుకునేవాళ్ళట. కుంకుమపువ్వు కొనలేనివాళ్ళకి అదే కుంకుమపువ్వట, రంగు కోసం వెన్నలోనూ జున్నులోనూ కూడా కలిపేవాళ్ళట. ఆ రోజు నా ఇంగ్లీషు ధీమా కొంత తగ్గింది.

విన్నదాన్ని ఊరుకుంటానా? గుప్పెడు రేకలు నీళ్ళలో మరిగించి అన్నంలో పోశాను. రంగు వచ్చీ రానట్టు వచ్చింది. తర్వాత బుద్ధి పుట్టి నెయ్యి వేడిచేసి అందులో వేశాను. నిమిషంలో నెయ్యి బంగారంలా మారింది. ఆ రంగు కొవ్వులో కరిగే జాతిది, కేరట్‌లో ఉండేలాంటిది, నీళ్ళకి లొంగదు. ఆ నెయ్యితో చేసిన కేసరి చూసి, కుంకుమపువ్వు కొన్నావా అని మా ఆయన అడిగారు. అవునన్నాను. ఇప్పటికీ నిజం చెప్పలేదు.

జూలైలో ఒక శనివారం వాడిన పూలు తుంచుతున్నాను. ఇవీ బంతిలాంటివే, తుంచితేనే కొత్త మొగ్గ వేస్తాయి. వరస మొదట్లో పుల్లకి గుచ్చిన ఖాళీ ప్యాకెట్ వానకి తడిసి ఊడిపడితే తీసి వెనకవైపు చూశాను. చిన్న అక్షరాల్లో లాటిన్ పేరు. కేలెండ్యులా అఫిసినాలిస్.

పైకి చదివాను. ఇంకోసారి చదివాను. కేలెండ్యులా. కేలండ్యులా! ఈ పేరు నేను ఎనిమిదేళ్ళ వయసునుంచీ ఎరుగుదును. కానీ అది పువ్వు పేరుగా కాదు, మోకాలి మంట పేరుగా.

మా తాతయ్యకి హోమియో పిచ్చి. చదివి డాక్టరైన మనిషి కాదు. గుడివాడలో హోమియో కాలేజీ ఉండటంతో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ వైద్యం మీద నమ్మకం ఎక్కువ. ఈయన పుస్తకాలు కొనుక్కుని, చెక్కపెట్టెలో గళ్ళు కొట్టించి, చిన్న చిన్న సీసాలు పేర్చుకుని ఊరందరికీ ఉచితంగా పంచేవారు. సాయంత్రం అరుగు మీద పెట్టె తెరిస్తే పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం, ఆ తియ్యటి గుళ్ళకోసం. ఏ మందు ఏ మొక్కనుంచి వస్తుందో చెప్పడం ఆయనకి సరదా. "ఆలియం సెపా అంటే ఏమిటనుకుంటున్నారు? ఉల్లిపాయ! నక్స్ వామికా అంటే మన ముష్టిగింజ!" ఉల్లిపాయకి అంత పెద్ద పేరా అని మేం నోళ్ళు తెరిచేవాళ్ళం.

గుళ్ళ సీసాల పక్కన ఒక పెద్ద సీసా ఉండేది. అదే కేలండ్యులా, పైకి రాసేది. దెబ్బ తగిలి ఎవరొచ్చినా ముందు కాచి చల్లార్చిన నీళ్ళతో పుండు శుభ్రంగా కడిగేవారు. ఇంకొన్ని నీళ్ళలో ఆ మందు పది చుక్కలు వేసి, దూది ముంచి అద్దేవారు. భగ్గున మండేది. సైకిలు నేర్చుకున్న ఏడాది నా మోకాళ్ళు ఎన్నిసార్లు మండాయో లెక్కలేదు. మానిందైతే మానేది. ఇప్పుడు ఆలోచిస్తే అది మందు గొప్పో, మట్టీ మశానం లేకుండా కడిగిన ఆ కాచిన నీళ్ళ గొప్పో చెప్పలేను. ఆయన ఎదురుగా ఈ మాట అనేంత ధైర్యం నాకు లేదు, ఉన్నా అనను.

అసలు సంగతి ఇది కాదు. ఆ సీసా ఏ మొక్కదని ఎవరడిగినా తాతయ్య చెయ్యి చాచి పెరట్లో నాయనమ్మ వరసలు చూపించేవారు. "అదిగో, మన బంతే!" ఆయన ఇంగ్లీషు పుస్తకంలో కేలండ్యులా పక్కన మారిగోల్డ్ అని ఉంది. నిఘంటువు తీస్తే మారిగోల్డ్‌కి బంతి అని ఉంది. ఇంకేం కావాలి? ఒకసారి సీసా ఖాళీ అయితే బంతాకు నూరి నా మోకాలికి పట్టు వేసేశారు కూడా. "రెండూ ఒకటే అమ్మడూ, ఇది పచ్చిది, అది సీసాది."

నాయనమ్మ ఒప్పుకునేది కాదు. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఏవండీ, ఇందులో బంతి వాసన ఏదీ?"

"స్పిరిట్‌లో పోస్తే వాసన పోతుందే."

"పోయే వాసనేనా అది? పొద్దున పూలు కోస్తే రాత్రి అన్నం తినేటప్పుడు కూడా చేతికుంటుంది. అయినా బంతాకు పసరు మా అమ్మ కూడా రాసేది. దానికి గుడివాడ పోయి డబ్బులు పోసి కొనుక్కురావాలా?"

"నీకు తెలియదు, ఊరుకో."

ఈ మాటలు, ఇదే వరసలో, నేను కనీసం ఇరవైసార్లు విని ఉంటాను. తాతయ్య 1998లో పోయారు. పెట్టె చాలాకాలం అటక మీద ఉంది. సీసాల్లో మందు ఆవిరైపోయి అడుగున మరకలు మిగిలాయి.

రెడింగ్ పెరట్లో తడిసిన ప్యాకెట్ పట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాను. మారిగోల్డ్ అన్న ఒక్క ముక్క చూసి ఆయన సీసాలో మన బంతి ఉందనుకున్నారు. అదే ముక్క చూసి నేను ప్యాకెట్‌లో మన బంతి ఉందనుకున్నాను. ఆయనకి గింజ చూసే అవకాశం రాలేదు, అంతే తేడా. మధ్యధరా సముద్రం ఒడ్డు మొక్క. దాని రసం మాత్రం కృష్ణా జిల్లా అరుగు మీదికి వచ్చింది, ఆయన ఆ పువ్వు మొహం ఎప్పుడూ చూడలేదు. 'అఫిసినాలిస్' అన్న తోకకి మందుల కొట్టు మొక్క అని అర్థమట. అది తెలిస్తే మాత్రం ఎంత మురిసిపోయేవారో!

ఆ ఆదివారం ఇంటికి వీడియో కాల్ చేశాను. నాయనమ్మకి ఎనభై ఆరు. వినపడదు, కళ్ళు మాత్రం బాగా ఉన్నాయి. నాన్న ఫోన్ పట్టుకున్నారు. నేను పువ్వు దగ్గరగా చూపించాను.

"చేమంతా?"

"కాదు నాయనమ్మా. తాతయ్య కేలండ్యులా ఇదే."

నాన్న ఆవిడ చెవిలో గట్టిగా చెప్పారు. కాసేపు తెర మీద ఆవిడ నుదురు ఒక్కటే కనిపించింది. ఫోన్‌కి అంత దగ్గరగా వంగి చూస్తోంది.

"అంటే ఆ సీసాలో బంతి లేదంటావు."

"లేదు. వేరే మొక్క."

"నే చెప్పలా?" నాన్న వైపు తిరిగింది. "నే చెప్పలా, వాసన లేదని? ముప్ఫయ్యేళ్ళు నా నోరు మూయించాడా మహానుభావుడు!" నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుంది. నాన్న మంచినీళ్ళు ఇచ్చారు. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ తెర దగ్గరికొచ్చింది. "సరేగానీ, విత్తనానికి వదిలావా?"

"ఇంకా లేదు. వాడినవన్నీ తుంచేస్తున్నా, పేనుబంక కూడా పట్టింది."

"పేనుబంకకి బూడిద చల్లు. అన్నీ తుంచెయ్యకే, ఒకటి మంచిది చూసి వదిలిపెట్టు. దారం కట్టు."

కుట్టుపెట్టెలో ఎర్రదారం లేదు. పాప స్వెట్టరుది ఎర్ర ఊలు ముక్క దొరికితే, వరసలో అన్నిటికన్నా పెద్ద పువ్వు చూసి కాడకి కట్టాను. సెప్టెంబరు కల్లా రేకలు రాలి, గోళ్ళముక్కలు చుట్టూ గుండ్రంగా ముడుచుకుని ఎండాయి. ఒక్క పువ్వులోనే మూడు రకాలు కనిపించాయి. బయటివి కొడవళ్ళు, కొన్ని పడవలు, మధ్యలో చుట్ట చుట్టుకున్న చిన్నవి.

పక్కింటావిడ కంచె మీదుగా తొంగిచూసి, ఆ ఎర్ర ఊలు ఎందుకని అడిగింది.

"వీధిలో అమ్మాయిలు గొబ్బెమ్మలకి కోసుకుపోకుండా" అన్నాను.